ఇంట్లో బ్రెజిల్ చీజ్ రొట్టె: సగ్గుబియ్యం పిండితో చేస్తే ఎందుకు పొంగడం లేదు?

మల్లెపందిరి, హైదరాబాద్

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఉద్యోగరీత్యా సావో పాలోలో ఉన్న రోజుల్లో మేమిద్దరమూ వెళ్ళి రెండు నెలలు అక్కడ ఉండి వచ్చాము. వాళ్ళ వీధి మలుపులో ఒక పదరియా ఉండేది. బేకరీని అక్కడివారు అలా అంటారు. పొద్దున్నే చిన్న గ్లాసులో చిక్కని కాఫీతోపాటు నిమ్మకాయంత చీజ్ రొట్టెలు నాలుగు కాగితం సంచిలో వేసి ఇచ్చేవారు. పైన పలచని పెంకు కరకరలాడేది, తుంచితే ఆవిరి వచ్చేది, లోపల సగం బోలుగా ఉండి మిగిలిన సగం తీగలా సాగేది. దాని పేరు పాంవ్ జి కేజు అని, పాంవ్ అంటే రొట్టె, కేజు అంటే చీజ్ అని మా కోడలు చెప్పింది. మన పావ్ భాజీలోని పావ్ కూడా ఆ పోర్చుగీసు మాటే. గోధుమపిండి గానీ ఈస్టు గానీ బేకింగ్ పౌడరు గానీ వేయరని, అంతా కర్రపెండలం పిండేనని విన్నప్పుడు, ఈపాటి పని మన ఇంట్లో చేసుకోలేమా అనుకున్నాను. అది ఎంత తొందరపాటో ఇప్పుడు తెలుస్తున్నది.

ఇక్కడికి వచ్చాక కర్రపెండలం పిండి కోసం రెండు దుకాణాల్లో అడిగితే దొరకలేదు. సగ్గుబియ్యం వచ్చేది కర్రపెండలం నుంచే కదా అన్న ధీమాతో రెండు కప్పుల సగ్గుబియ్యం మిక్సీలో మెత్తగా పట్టి జల్లించాను. అందులో ముప్పావు కప్పు గోరువెచ్చని పాలు, పావు కప్పు నూనె, ఒక గుడ్డు, తురిమిన ప్రాసెస్డ్ చీజ్ క్యూబులు నాలుగు, కొద్దిగా పనీరు వేసి కలిపాను. పిండి మొదట ఇసుకలా పొడిపొడిగా ఉండి, పది నిమిషాలు గడిచేసరికి ఉన్న తడి అంతా పీల్చుకొని బంకగా తయారైంది. ఉండలు చేసి ఓటీజీలో, అంటే చిన్న కరెంటు ఓవెన్‌లో, 180 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు కాల్చాను. అవి పొంగకపోగా అప్పాల్లా పరుచుకున్నాయి. అడుగు రాయిలా గట్టిపడింది, మధ్యభాగం ఉడకక పళ్ళకు అంటుకున్నది. మరునాడు ఇంకొక గుడ్డు వేసి చూస్తే పిండి మరింత జారుగా అయింది తప్ప రొట్టె లేవలేదు. వీటిని అట్లనాలో అంబలి అనాలో తెలియడం లేదని మావారు అన్నారు.

లోపం పిండిలో ఉందా, పాల వేడిలో ఉందా, చీజులో ఉందా? అక్కడి పిండిలో పుల్లనిది, తియ్యనిది అని రెండు రకాలు ఉంటాయని మా కోడలు అంటున్నది. ఆ పుల్లని పిండికి మన దగ్గర బదులు ఏమిటి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

పెండలం తోట, సామర్లకోట

మల్లెపందిరి గారికి నమస్కారం. పాలను, చీజును అనుమానించే ముందు మీరు సగ్గుబియ్యాన్నే అనుమానించవలసింది. మా నాన్నగారు ఇక్కడి సగ్గుబియ్యం మిల్లులో చాలా ఏళ్ళు పనిచేశారు కాబట్టి సెలవుల్లో ఆ పనిని దగ్గర నుంచి చూస్తూ పెరిగాను. దుంపలను కడిగి, తొక్క తీసి, యంత్రంలో తురిమి, నీళ్ళతో కలిపి వడకట్టి ఆ పాలను తొట్లలో కదపకుండా ఉంచితే తెల్లని పిండి అడుగున పేరుకుంటుంది. దానిని తీసి ఎండబెడితే వచ్చేదే మీకు కావలసిన పిండి. సగ్గుబియ్యం కావాలంటే పని అక్కడితో ఆగదు. తడి పిండిని పొడిచేసి, ఊపి ఊపి పూసలుగా చుట్టి, జల్లించి, వేడి పెనాల మీద వేయించి గానీ ఆవిరి పట్టించి గానీ ఆ తరువాత ఎండబెడతారు. ఆ వేడికి పూస పైభాగం ఉడికి గట్టిపడుతుంది కాబట్టే పాయసంలో వేసినా పూస చెదరకుండా నిలుస్తుంది.

అంటే మీరు మిక్సీలో పట్టింది పచ్చి పిండి కాదు, ఒకసారి కొంత ఉడికి ఎండిన పిండి. పచ్చి పిండిని చన్నీళ్ళలో వేస్తే అడుగుకు దిగి ఊరుకుంటుంది గాని, ఉడికి ఎండిన పిండి చన్నీళ్ళను కూడా పీల్చుకొని బంక అవుతుంది. పది నిమిషాల్లో మీరు చూసిన మార్పు అదే. సగ్గుబియ్యం పిండితో వడలు, వడియాలు ఎంత చక్కగా వచ్చినా ఈ రొట్టె మాత్రం రాదు. టాపియోకా స్టార్చ్ అని రాసిన ప్యాకెట్ తీసుకోండి; కొన్ని ప్యాకెట్ల మీద దానినే టాపియోకా ఫ్లోర్ అని కూడా రాస్తారు. కసావా ఫ్లోర్ అన్నది మాత్రం వేరు, అది దుంపను పీచుతో సహా ఎండబెట్టి పట్టినది. వేళ్ళ మధ్య నలిపినప్పుడు కార్న్‌ఫ్లోర్‌లాగా కిర్రుమంటే మీకు సరైన పిండి దొరికినట్టే.

ఇక పుల్లని పిండి సంగతి. అక్కడివారు దానిని పోల్వీల్యు అజేదు అని, మామూలు పిండిని పోల్వీల్యు దోసి అని అంటారు. దోసి అంటే తియ్యనిది అని అర్థమైనా అందులో తీపి ఏమీ ఉండదు. పులియనిది అని మాత్రమే దాని భావం. పిండిని నీళ్ళ కింద వారాల తరబడి పులియనిచ్చి ఎండలో ఆరబెడితే అజేదు తయారవుతుంది. పులిసినప్పుడు పుట్టే లాక్టిక్ ఆమ్లమూ, ఎండలోని అతినీలలోహిత కిరణాలూ రెండూ కలిసి పిండి స్వభావాన్ని మారుస్తాయి కనుకనే ఓవెన్‌లో ఏ ఈస్టూ లేకుండా అది అంతగా ఉబ్బుతుంది. రెండింటిలో ఏది లోపించినా ఆ గుణం రాదు. ఈ మాట చదివి నమ్మలేక పోయిన వేసవిలో నేనే చేసి చూశాను. కిలో స్టార్చ్‌ను గాజు జాడీలో వేసి, పిండి మీద నాలుగు వేళ్ళ ఎత్తు నీరు నిలిచేలా పోసి, గుడ్డ కట్టి ఇరవై అయిదు రోజులు కదపకుండా ఉంచాను. పులిసిన తరవాణి వాసన వచ్చాక నీరు వంపి, సగం పిండిని డాబా మీద తెల్లగుడ్డ పరచి రెండు రోజులు మే నెల ఎండలో ఆరబెట్టాను. మిగిలిన సగాన్ని ఇంట్లో ఫ్యాను కింద ఆరబెట్టాను. ఎండకు ఆరిన పిండితో చేసిన రొట్టెలు బోలుగా లేచాయి. ఫ్యాను కింద ఆరిన పిండి రొట్టెలకు పులుపు ఉంది గాని పొంగు లేదు. నీటి మీద నల్లని, పచ్చని, గులాబిరంగు బూజు కనిపిస్తే మాత్రం మొత్తం పారబోయవలసిందే, పైది తీసి కిందిది వాడుకుందామని చూడకండి.

ఇంత ఓపిక లేకపోతే మామూలు స్టార్చ్‌తోనే చేసుకోండి, తినదగినట్టే వస్తుంది. పాలకు బదులు పుల్లని పెరుగు వేస్తే సరిపోతుందని కొందరు అంటారు. అది నాలుకకు పులుపు తెస్తుంది, అంతే.

వలసపిట్ట, బెలో హొరిజోంచి

మల్లెపందిరి గారూ, ఈ రొట్టె పుట్టిల్లు మీనస్ జెరైస్ రాష్ట్రం, దాని రాజధానిలో ఏడేళ్ళుగా ఉంటున్నాను. పద్దెనిమిదో శతాబ్దంలో బంగారు గనులు నడిచిన ప్రాంతం కాబట్టి మీనస్, అంటే గనులు, అన్న పేరు వచ్చింది. గోధుమ అరుదైన ఆ కొండప్రాంతంలో అంతకు ఎంతో ముందునుంచి స్థానిక జాతులవారు తింటూ వచ్చిన కర్రపెండలమే అందరికీ ఆధారమైంది. పాడి పెరిగిన కొద్దీ దానిలో చీజ్ చేరింది. మా పక్కింటి పెద్దావిడ దగ్గర నేర్చుకున్న కొలతనే రాస్తున్నాను. ఇక్కడ ఇంటికొక కొలత ఉంటుంది గనుక ఇదొక్కటే సరైనదని అనను.

పిండి అరకిలో తీసుకోవాలి. అందులో సగం పుల్లనిది, సగం తియ్యనిది అయితే నా దృష్టిలో మేలు; అంతా పుల్లనిదే అయితే రొట్టె మరీ బోలుగా, పెళుసుగా వస్తుంది, అంతా తియ్యనిదే అయితే లోపల దట్టంగా సాగుతుంది. పాలు పావు లీటరు, నీరు 100 మిల్లీలీటర్లు, నూనె 100 మిల్లీలీటర్లు, ఉప్పు రెండు చెంచాలకు కొంచెం తక్కువ, గుడ్లు రెండు లేదా మూడు, తురిమిన చీజ్ పావుకిలో. చీజ్ ఉప్పగా ఉంటే ఉప్పు సగం తగ్గించాలి.

మీ రెండో తప్పు గోరువెచ్చని పాలు. చేగోడీలకు ఎసరు మరిగించి, అందులో పిండి వేసి, మూతపెట్టి మగ్గనిచ్చి, వేడి తగ్గాక మెదుపుతాం కదా. పచ్చి బియ్యప్పిండిని చన్నీళ్ళతో కలిపి చేగోడీ చుట్టబోతే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. ఇక్కడా అదే పని, వీళ్ళు దానిని ఎస్కల్దార్ అంటారు. పాలు, నీరు, నూనె, ఉప్పు కలిపి పొయ్యి మీద పెట్టి, పొంగు వచ్చిన క్షణానే దించి, వెడల్పు గిన్నెలోని పిండి మీద ఒక్కసారిగా పోసి గరిటెతో కలపాలి. కర్రపెండలం పిండి 60, 70 డిగ్రీల మధ్య ఉడకడం మొదలుపెడుతుంది గనుక ఎసరు మరుగుతూ ఉంటేనే పిండిలో కొంతభాగమైనా ఉడికి తక్కినదాన్ని పట్టి ఉంచుతుంది. అప్పుడది చూడ్డానికి గడ్డలుగడ్డలుగా, పాడైపోయినట్టుగా ఉంటుంది. కంగారుపడి ఇంకా పాలు పోయకండి. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక ఆ గడ్డలను అరచేతితో నలుపుతూ అయిదు నిమిషాలు మెదపాలి.

గుడ్లు చల్లారిన తరువాతే వేయాలి, లేకపోతే వేడికి గడ్డకడతాయి. అన్నీ ఒకేసారి కాక ఒక్కొక్కటిగా వేసి, అది పూర్తిగా కలిసిపోయాకే తరువాతది వేయాలి. మూడో గుడ్డు చాలాసార్లు సగమే పడుతుంది. పిండి చేతికి కొద్దిగా అంటుకుంటూ, గిన్నె గోడకు అంటకుండా వచ్చే దగ్గర ఆపాలి. చలిమిడి ముద్దకన్నా మెత్తగా, గారెల పిండికన్నా గట్టిగా ఉండాలి. చివరగా చీజ్ కలిపి, చేతులకు నూనె రాసుకొని నిమ్మకాయంత ఉండలు చేసి ట్రేలో రెండు వేళ్ళ దూరంలో పేర్చాలి. అరకిలో పిండికి ముప్పైకి పైగా వస్తాయి.

చీజ్ విషయంలో ఇక్కడివారు పట్టింపు గల మనుషులు. కొన్ని వారాలు ఆరనిచ్చి కొంత గట్టిపడిన మీనస్ చీజ్, మెయా కూరా అనేది, వాడతారు. సెర్రా ద కనాస్త్రా కొండల్లో పచ్చి ఆవుపాలతో చేసే చీజ్‌కు మరీ పేరు. నిన్నటి చీజ్ నుంచి కారిన ఉప్పు కలిసిన నీటిని పట్టి ఉంచి ఇవాళటి పాలలో కలుపుతారు. దానికి పింగు అని పేరు. మనం పెరుగుకు తోడు దాచుకోవడం నాకు ప్రతిసారీ గుర్తుకు వస్తుంది. మీనస్‌లో ఈ చేతి చీజ్ తయారీ పద్ధతిని యునెస్కో 2024 డిసెంబరులో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు మా పక్కింటావిడ అది తన ఇంటి విశేషం అన్నట్టు రొట్టెలు చేసి పంచింది. హైదరాబాదులో అది దొరకదు కాబట్టి చెడ్డార్ రెండు వంతులు, పార్మెజాన్ వంటి గట్టి చీజ్ ఒక వంతు కలపండి. మోజరెల్లా సాగుతుంది గాని రుచి చప్పగా ఉంటుంది. ప్రాసెస్డ్ చీజ్‌లో తడి ఎక్కువ. వాడక తప్పకపోతే పాలు కాస్త తగ్గించుకోండి. పనీరును పూర్తిగా వదిలేయండి, అది కరగదు.

ఓటీజీని పైకడ్డీ, కింది కడ్డీ రెండూ వెలిగించి 200 డిగ్రీలకు కనీసం పదిహేను నిమిషాలు ముందుగా కాగనివ్వాలి. ఉండలోని తడి త్వరగా ఆవిరిగా మారి, పైపెంకు గట్టిపడే లోపలే దానిని ఉబ్బించాలి. వేడి నెమ్మదిగా ఎక్కితే ఉండ పరుచుకుంటుందే గాని లేవదు. పాతిక నిమిషాలు పడుతుంది, మొదటి పదిహేను నిమిషాలు తలుపు తెరవకూడదు.

వేపచెట్టు, డాలస్

పైన చెప్పినవన్నీ బాగున్నాయి గాని, ఎసరు, మెదపడం, చల్లార్చడం వంటివి ఏమీ లేని పద్ధతి ఒకటి ఉంది. నేను పిల్లలకు బడి నుంచి రాగానే అదే చేసి పెడతాను. ఒకటిన్నర కప్పుల టాపియోకా స్టార్చ్, మూడింట రెండు వంతుల కప్పు పాలు, మూడో వంతు కప్పు నూనె, ఒక గుడ్డు, అర కప్పు తురిమిన చీజ్, చిటికెడు ఉప్పు బ్లెండర్‌లో ఒక నిమిషం తిప్పి, నూనె రాసిన చిన్న మఫిన్ గుంటల్లో ముప్పావు వంతు పోసి, 200 డిగ్రీల దగ్గర పదిహేను, ఇరవై నిమిషాలు కాలిస్తే చాలు. మల్లెపందిరి గారి పిండి ఈ రెండు పద్ధతుల మధ్య చిక్కుకున్నదని నా అనుమానం: గుంటలో పోసేంత జారుగా లేదు, ఉండగా నిలిచేంతగా ఉడకలేదు.

శాకాహారులకు రెండు మాటలు. సంప్రదాయ ఇటలీ పార్మెజాన్‌ను దూడ కడుపు నుంచి తీసిన, పాలను గడ్డకట్టించే రెన్నెట్‌తోనే చేయాలన్న నియమం ఉంది, కాబట్టి ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనండి. గుడ్డు వద్దనుకునేవారికి బ్రెజిల్‌లోనే ఒక ఇంటి కిటుకు ఉంది: రెండు కప్పుల పిండి, 200 గ్రాముల క్రీము, 100 గ్రాముల తురిమిన గట్టి చీజ్ కలిపి ముద్ద చేసి ఉండలు చుట్టడమే. పొంగు తక్కువే, పుల్లని పిండి అయితే కొంత నయం. మా అత్తగారు వచ్చినప్పుడు ఒక ఉడికించిన బంగాళాదుంపను మెత్తగా మెదిపి కూడా కలుపుతాను, లోపల మెత్తగా ఉంటుంది. మా మేనకోడలికి గోధుమ పడదు. ఆమెకు ఇవ్వదగిన రొట్టె ఇది, కాకపోతే చపాతీపిండి తగిలిన పళ్ళెం, జల్లెడ వాడకుండా జాగ్రత్తపడాలి.

వలసపిట్ట, బెలో హొరిజోంచి

వేపచెట్టు గారూ, బ్లెండర్ రొట్టె రుచిగా ఉండదని అనను, ఇక్కడి ఇళ్ళలోనూ తొందర పడ్డప్పుడు అది చేసుకుంటారు. అయితే మల్లెపందిరి గారు తిన్నది అది కాదు. బ్లెండర్ పిండికి నిలబడే శక్తి గుంట గోడలు ఇస్తాయి. ఎసరు పోసిన పిండికి ఆ శక్తి తనలోనే ఉంటుంది, అందుకే లోపల సాగుడు కూడా వేరుగా ఉంటుంది. రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తున్నాం గాని నన్నడిగితే అవి అక్కాచెల్లెళ్ళు కూడా కావు, వేలువిడిచిన చుట్టాలు.

మల్లెపందిరి, హైదరాబాద్

మీ అందరికీ కృతజ్ఞతలు. టాపియోకా స్టార్చ్ ఆన్‌లైన్‌లో దొరికింది, నలిపితే పెండలం తోట గారు చెప్పినట్టే కిర్రుమన్నది. వలసపిట్ట గారి కొలతలో సగం తీసుకొని, చెడ్డార్ ఎక్కువగా, పార్మెజాన్ కొంచెంగా వేసి నిన్న సాయంత్రం చేశాను. ఎసరు పోయగానే గడ్డలు కట్టిన పిండిని చూసి, మీరు ముందే హెచ్చరించి ఉండకపోతే అదంతా పారేసేదాన్నే. ఒక గుడ్డు పూర్తిగా, రెండోది సగం పట్టింది. పదిహేడు ఉండలు వచ్చాయి. పన్నెండో నిమిషంలో పైభాగం పగిలి ఉబ్బడం గాజు తలుపులోంచి చూస్తూ కూర్చున్నాను. సావో పాలోలో తిన్నంత బోలుగా లేవు, లోపల దట్టంగానే ఉన్నాయి. పుల్లని పిండి లేని లోటు అదే కావచ్చు. కానీ సాగుడు వచ్చింది, పెంకు వచ్చింది, మావారు ఈసారి ఏ పేరూ పెట్టకుండా ఆరు తిన్నారు.

రెండు సందేహాలు మిగిలాయి. ఓవెన్ నుంచి తీసిన అయిదు నిమిషాలకు కొన్ని ఉండలు పైన సొట్టపడ్డాయి, కారణమేమిటి? మిగిలినవి ఇవాళ పొద్దున్న మైక్రోవేవ్‌లో వేడిచేస్తే రబ్బరులా అయ్యాయి. నిలవ ఉంచే మార్గం ఏమైనా ఉందా?

వలసపిట్ట, బెలో హొరిజోంచి

సొట్టపడ్డాయంటే పెంకు ఇంకా తగినంత ఎండలేదని. చివరి అయిదు నిమిషాలు వేడిని 180కి తగ్గించి మరికాస్త కాల్చండి, అక్కడక్కడా బంగారు రంగు చుక్కలు కనిపించేదాకా ఆగండి. మీ ఓటీజీ చిన్నదైతే పైకడ్డీకి దగ్గరగా ఉన్నవి ముందే రంగు తిరిగి మోసం చేస్తాయి, ట్రేని ఒక మెట్టు కిందికి దించి చూడండి.

కాల్చినవాటిని నిలవ ఉంచకండి. పచ్చి ఉండలనే ట్రేలో విడివిడిగా పేర్చి ఫ్రీజర్‌లో పెట్టి, రాయిలా గట్టిపడ్డాక సంచిలో వేసుకుంటే నెలా, రెండు నెలలు ఉంటాయి; ఇక్కడ ప్రతి ఇంటి ఫ్రీజర్‌లోనూ అలాంటి సంచి ఒకటి ఉంటుంది. కరగనివ్వకుండా అలాగే 180 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి ముప్పై, ముప్పై అయిదు నిమిషాలు కాలిస్తే సరిపోతుంది. మిగిలిపోయిన రొట్టెలను మాత్రం నిలువునా రెండుగా కోసి, కోసిన వైపు పెనానికి ఆనేలా సన్నని సెగ మీద వేయించండి.

పెండలం తోట, సామర్లకోట

పుల్లని పిండి లోటు ఒక్కటే అయితే, ఎండకు ఆరిన పిండి నా దగ్గర కొంత మిగిలి ఉంది. మా తమ్ముడు వచ్చే వారం హైదరాబాదు వస్తున్నాడు. మీకు అభ్యంతరం లేకపోతే పంపిస్తాను, వ్యక్తిగత సందేశంలో చెప్పండి. మొదటిసారి సగం మించి కలపకండి, వాసన అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది.